నలుగని నిమ్మకాయ

భాద్రపదమాసపు మధ్యాహ్నము కొండలమీద సంధ్యవలె మసకబారి యుండెను. అనవరతవర్షధారాక్షాళితములై నల్లబడిన శిలలమీదుగా నీటిపాయలు తెల్లని పాములవలె జారుచుండ లోయలనుండి పైకెగయు తుషారధూమము మొదట కాఫీతోటలను పిదప వానికి నీడనిచ్చు మహావృక్షములను మ్రింగి తుదకు ఘాటుమార్గమునే మ్రింగగోరి ప్రతి మలుపునకును నాలుక చాచుచుండెను. పక్షి కూయదు. ఆకు కదలదు. అట్టి నిశ్శబ్దమునందు నేలకు రొమ్మానించి ప్రాకుచున్న యేదో మృగమువలె ఒక నీలవర్ణపు కారు కొండ నెక్కుచుండెను.

దానిని నడపుచున్నవాడు సోమశేఖరుడు. ప్రక్కన గూర్చున్నది వాని వదినయగు సువర్చల. చోడవరములోని తమ యింటినుండి బయలుదేరి కొండమీది యూర కాపురముండు ఆడపడుచు మందాకినిని పురిటికి దోడ్కొని వచ్చుటకై వారిరువురును పోవుచుండిరి. అత్తగారు మోకాళ్లనొప్పిచేత కదలలేక చలిమిడి గిన్నెయు పసుపుకుంకుమలును ఒడిబియ్యమును సువర్చల చేతికిచ్చి ఒక్క మాట మాత్రము మరల మరల చెప్పి పంపెను. ఒడి నింపుకొని బయలుదేరిన పిల్ల పుట్టింటి గడప చేరువరకు నడుమ నెక్కడను నేలమీద కాలు మోపరాదు. అది ఆ యింటి యాచారము.

సోమశేఖరునకు ఆ వాహనము ప్రాణాధికము. గడచిన వేసవిలో మిత్రుల ప్రోద్బలముచే వాడు దాని స్ప్రింగులను కోయించి శరీరమును నాలుగు వ్రేళ్లమేర క్రిందికి దింపించెను. నాటినుండి అది వీధిలో నిలిచినప్పుడు దుముకుటకు పొంచియున్న చిరుతవలె గానవచ్చెను. మైదానపు బాటపై దాని నడకయు నిజముగనే మనోహరము. మలుపులయందు ఒరగదు, తూలదు. ఆ సొగసును సువర్చలయు కాదనజాలకుండెను. అయినను పాలు అడుగంటకముందే వాసన పసిగట్టు నామె చూపునకు ఒక సంగతి తగిలియుండెను. కారు కడిగిన నీటితో కూడ ముందుచక్రముల లోపలివైపునుండి కాటుకవంటి నల్లని పొడి దిగుచుండెను. వెలుపలివైపున చూచినచో టైర్ల గాళ్లు నిన్న కొన్నవానివలె లోతుగా నుండెను. ఆ పొడి యెక్కడిదో ఆమెకు బోధపడలేదు.

ఘాటు మొదలైనది మొదలుగా ఆమె చెవికొక నాదము సోకుచుండెను. స్త్రీ యొకతె పెదవులు మూసికొని పసిపాపను జోకొట్టుచు తీయు మాటలులేని కూనిరాగమువలె అది పాదముల క్రిందనుండి పుట్టి కారు వేగము పెరిగినప్పుడు హెచ్చి తగ్గినప్పుడు సన్నగిల్లుచుండెను.

"ఏటి వదినా, అలాగ బిగుసుకుపోయావు?" అని సోమశేఖరుడు నవ్వెను. "మలుపులో వొరుగుతోందేటి చూడు! నేలకి అతికించినట్టు వెళ్లిపోతోంది."

"ఒరగదు సరే. ఆ మూలుగేటి?"

"టైర్ల సౌండు. కొత్త టైర్లు కదా, పాడతాయి."

"కొత్తప్పుడు పాడలేదు కదయ్యా. పాతబడ్డాక నేర్చుకున్నాయేటి?"

ఆ మాట ముగియకముందే ఎవరో కానరానివారు చేయిపట్టి లాగినట్లు కారు తనంతతాను లోయవైపునకు ఈడ్వబడెను. సోమశేఖరుడు స్టీరింగును బిగబట్టి మరలించెను.

"నువ్వు తిప్పావా?" అని సువర్చల యడిగెను.

"నేనేటి తిప్పలేదు. లారీలు తొక్కీసి రోడ్డు గాళ్లు పడిపోయింది. ఆ గాట్లోకి దిగిందంతే." వాడు మరల నవ్వబోయెను. "నువ్వలా చూస్తుంటే కారుకే భయమేస్తోంది వదినా."

కాని స్టీరింగుమీద వాని వ్రేళ్ల కణుపులు తెల్లబడి యుండుటను ఆమె చూచెను. మీద నున్న యూరును వారు క్షేమముగనే చేరిరి.

నెలలు నిండిన మందాకిని ఒడినిండ బియ్యముతో మెల్లగా వెనుకసీటులో కూర్చుండుచు, "అన్నయ్యా, ఇది కారా, పీటా? నేలమీద కూకోబెట్టీసావు!" అని పకపక నవ్వెను. వాన మరల నందుకొనెను. కారు మంచులోనికి దిగసాగెను. ఆ కూనిరాగమును తిరిగి మొదలయ్యెను.

ఘాటు దిగుటకు ముందు ప్రతి వాహనమును ఘాటుతల్లి గుడియెదుట నిలిపి చక్రముల క్రింద నిమ్మకాయలుంచి తొక్కించుట ఆ కొండలయందలి వాడుక. గుడిని కనిపెట్టియుండు గంగులమ్మయను వృద్ధురాలు నాలుగు చక్రముల ముందును నాలుగు కాయలనుంచి చేయి యూపెను. కారు కదలెను. వెనుకచక్రముల క్రిందివి చిట్లి రసము చిందెను. ముందుచక్రముల క్రింద నుంచినవి నలుగలేదు. ఎవరో నోటినుండి ఉమిసినట్లు ప్రక్కకు జారి గుడియెదుటి తడిరాతిమీద దొర్లుకొనుచు పోయి అమ్మవారి గద్దెను తాకి నిలిచెను.

గంగులమ్మ ఆ కాయలను తెచ్చి మరల నుంచెను. మరల అవి చెక్కుచెదరక గద్దెకే చేరెను.

"తల్లి పుచ్చుకోలేదు బాబూ," అని ఆ వృద్ధురాలు మెల్లగా ననెను. మంచులో ఆమె ముఖము కానరాక మాట మాత్రమే వచ్చినట్లుండెను.

సోమశేఖరుడు అద్దము దింపి, "రాయి తడిగా ఉంది కదమ్మా. జారింది," అనెను.

"వెనక చక్రాల కిందా తడిరాయే కదా, అక్కడ జారలేదేటి?" అని సువర్చల కారు దిగెను.

ఆమె దేవతను నమ్మనిది కాదు. అయినను దేవత వలదన్నప్పుడు ఎందులకు వలదన్నదో కూడ తెలిసికొనవలెనను స్వభావము గలది. వానలో కారు ముందర వంగి ఆమె చూచినది ఇది. స్ప్రింగులు కోసి క్రిందికి దింపినందున ముందుచక్రములు నిటారుగా లేవు. మోయలేని బరువు నెత్తుకొని కాళ్లు ఎడముగా చాచి నిలిచిన మనుష్యునివలె అవి పైభాగమున లోనికొరగి యుండెను. వెలుపలి యంచు నేలను అంటీయంటనట్లుండ భారమంతయు లోపలి యంచుమీదనే పడియుండెను. వెలుపలి యంచు క్రింద చిక్కిన కాయ నలుగక జారిపోవుటకు కారణమదియే. కాటుకవంటి పొడి యామెకు జ్ఞప్తికి వచ్చెను.

"స్టీరింగు పూర్తిగా తిప్పు, సోమూ."

చక్రము రాతిపై గీచుకొనుచు తిరుగగా ఎన్నడును వెలుగు చూడని దాని లోపలి యంచు చీకటిగూటినుండి మెల్లగా బయటపడెను. అచ్చట గాడి లేదు, రబ్బరు లేదు. మాంసము కృశించిన ప్రక్కటెముకలవలె ఇనుపతీగలు వెలికి పొడుచుకొని యుండెను. ఆమె చేయి యానించెను. వ్రేలినుండి నెత్తుటిబొట్టు పుట్టి వానలో గలిసెను.

సోమశేఖరుడు దిగివచ్చి చూచెను.

"మెల్లిగా తీసుకెళ్లిపోతాను వదినా. మజ్జిలో దించకూడదని అమ్మంది కదా. ఏదైనా అయితే..."

"ఏదైనా అవకూడదనే చెబుతున్నాను. తడిరోడ్డు, బోడిటైరు, లోయపక్కకి లాగుడు. మళ్లీ లాగితే ఆపగలవా? నీ చెల్లి కడుపుమీద చెయ్యేసి చెప్పు."

వాడు చేయి చాపెను. మందాకినివరకు సాగక అది నడుమనే నిలిచిపోయెను.

ఆ సమయమున మంచును చీల్చుకొని బస్సొకటి వచ్చి గుడియొద్ద ఆగెను. సువర్చల తన చీరకొంగును విప్పి కారు తలుపునుండి బస్సు మెట్టువైపు తడినేలపై పరచెను. చాలనిచోట గంగులమ్మ తన గొంగళిని పరచెను. నేలకు కాలు మోపకుండ ఆ కొంగుమీదను ఆ గొంగళిమీదను నడచి నిండుచూలాలు బస్సెక్కెను.

"అమ్మకి ఏటని చెప్తావు?" అని సోమశేఖరుడు నేలచూపులతో నడిగెను.

"కాలు నేలకి తగల్లేదని చెప్తాను. అబద్ధం కాదు కదా. నువ్వు చక్రాలు మార్పించి, ఆ కోసిన స్ప్రింగులు తీయించీసి ఇంటికి రా."

చలిమిడి గిన్నెతో తానును ఎక్కి బస్సు కదలుచుండ సువర్చల వెనుదిరిగి చూచెను. మనుష్యుడు కాని గాలికాని తాకకుండగనే ఆ నీలపుకారు దీర్ఘమైన నిట్టూర్పు విడిచి ముంగాలు మడచిన గొడ్డువలె లోయవైపున క్రుంగెను. సోమశేఖరుడు తన రెండు చేతులను తేరిపార చూచుకొనుచు నిలిచియుండ మంచు వానిని కప్పివైచెను. వీధిలోని కన్నులకు వెలుపలి యంచు చాలును. అరుగునది వెలుపల కనబడదు. లోకమున ఎన్ని కాపురములు ఎన్ని దేహములు అట్లు సొగసుగా నిలిచి లోపల తీగలు తేలుచున్నవో యని యామె తలపోసెను.

మలుపులు గడచుచుండెను. బస్సునందలి రొదలో నొక సన్నని స్వరము వినబడి సువర్చల యొడలు గగుర్పొడిచెను. అదే కూనిరాగము. అదే హెచ్చుతగ్గు. ప్రక్కనున్న మందాకిని పెదవులు మూసికొని కడుపు నిమురుకొనుచు దానిని తీయుచుండెను.

"ఆ రాగం నీకెక్కడిదే?"

"నువ్వే కదా వదినా, కార్లో గుడిదాకా పాడావు. నువ్వు పాడుతున్నంతసేపూ లోపల బిడ్డ తన్నడం మానేసి వింది."

సువర్చల గిన్నె మూత తీసి చలిమిడి ముద్దనొకదానిని ఆమె నోటికందించెను. రాగము తెగెను. మందాకిని నములుచు నవ్వుచు వదినగారి చేతిని తన కడుపుమీదికి లాగుకొనెను. బస్సు రెండు మలుపులు దిగువరకును ఆ గర్భము ఱాయివలె కదలక యుండెను. మూడవ మలుపున నెత్తురు పొడమిన ఆ వ్రేలిక్రిందనే చిన్ని పాదమొకటి బలముగా తన్నెను.