వెండెల్ చెప్పిన ఎత్తు

ఒహైయోలోని ఆ చిన్న ఊళ్లో హైస్కూలు జట్టు, బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, ఓడినప్పుడల్లా తప్పంతా ట్రాస్క్‌దే. బంతి చేతికొచ్చాక ఏ ఎత్తు వేయాలో చెప్పే కోచ్ ఆయనే మరి.

"ఎప్పుడు చూసినా బంతి పట్టుకుని మధ్యలోకి దూరడమేనా? దూరంగా విసరమని చెప్పడానికి నోరు రాదా ఈయనకి?" అని మంగలి వెండెల్ పన్నెండేళ్లుగా తిడుతున్నాడు. మెడ మీద కత్తి ఉన్నవాళ్లు ఔననక ఏం చేస్తారు?

ఈ వసంతంలో జట్టు రెండుగా చీలి తమలో తాము ఆడుకునే సాధన పోటీకి అభిమానుల సంఘం లాటరీ పెట్టింది. అందులో గెలిచినవాళ్లు కోచ్‌కి బదులు ఒక ఎత్తు చెప్పవచ్చు. చీటీ వెండెల్‌కే తగిలింది. పన్నెండేళ్ల పరువు ఊరందరి ముందూ ఒక్క మాట మీదికి వచ్చి నిలబడింది.

ట్రాస్క్ తన హెడ్‌ఫోన్ తీసి అతని తలకు తగిలించాడు.

"ఇరవై అయిదు సెకన్లండీ. కానివ్వండి."

కుర్రాళ్లంతా తనవైపే చూస్తున్నారు. షాపులో ధారాళంగా వచ్చే ఎత్తుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. గడియారం అయిదు సెకన్లకు దిగింది.

"మధ్యలోకి... మధ్యలోకి దూరమనండి!"

బంతి పట్టిన కుర్రాణ్ని అవతలివాళ్లు రెండు గజాలు వెనక్కి పడేశారు.

"ఎవరా మహానుభావుడు? పీకెయ్యండి!" గ్యాలరీలోంచి అందరికంటే ముందు అరిచింది వెండెల్ భార్య లోర్నా.

ట్రాస్క్ నవ్వలేదు. "ఇప్పుడేం చేద్దామంటారు?" అని మర్యాదగా అడిగాడు.

వెండెల్ హెడ్‌ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"నన్నడిగితే ఏం లాభం బాబూ? ఆట అయిపోయాకే కదా నాకు తెలిసేది!"