అమ్మగారు విన్న మూలుగు

ఆళ్లగడ్డలో సంజీవయ్య పాస్టరుగారి మాటకున్న విలువ ఆయన గొంతులోంచి వచ్చింది కాదు. గొంతేముంది, దగ్గినా పక్కింటికి వినపడనంత చిన్నది. ఆ విలువంతా వంటింటి పక్క గదిలోంచి వచ్చింది. ఒకప్పుడు శనగ మూటలు వేసుకున్న గది. తెల్లారకముందే ఆయన అందులోకి పోయి, తలుపు మూసి గడియ వేసుకుని మోకరిల్లాడంటే, ఎంతటివాడు వచ్చినా అరుగు మీద కూర్చోవలసిందే. అన్నదమ్ములు గట్టు తగాదాతో వచ్చినా అంతే. ముందు గది, తర్వాతే మాట. ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

ఆ తలుపుకు కాపలా ఆయన భార్య సువార్తమ్మ. సంఘమంతా అమ్మగారూ అని పిలిచే మనిషి. అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు, కూర్చోండి అని చెప్పేటప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా ఉండేది. ఉండదా మరి, ఎవరికైనా ఉంటుంది.

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున ఆమె పొయ్యి మీద నీళ్లు పెడుతుండగా గదిలోంచి మూలుగు వినిపించింది. సన్నగా మొదలై, లాగి లాగి గోడ దాటేంతగా పెరిగే మూలుగు. సువార్తమ్మ చెంబు కింద పెట్టి చేతులు జోడించింది. మాటలకందని ప్రార్థన మూలుగై వస్తుందని, అంతకన్నా గొప్ప ప్రార్థన లేదని ఆయన ఎన్నిసార్లు బోధించలేదు! ఇన్నేళ్లకు ఆ భాగ్యం తన ఇంటికొచ్చిందనుకుంది పిచ్చితల్లి.

గోడవతల బట్టలు కుట్టే హజీరా కత్తెర చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఏందా సప్పుడు? అన్నకు బాగలేదా ఏందీ?"

"ప్రార్థన చేస్తాండాడులే. అది నీకు తెలీదు."

"నాకు దువా తెలీదా? ఇది ఆ మాదిరి లేదక్కా. ఒక్కసారి పిలువు."

"పెండ్లయినకాడ్నించీ ఆ తలుపు కొట్టలే. ఈ పొద్దు కొడ్తానా?"

హజీరా మొహం ముడుచుకుని వెళ్లిపోయింది. కాసేపటికి మూలుగూ ఆగింది. ప్రార్థన ముగిసిందనుకుని సువార్తమ్మ ఉతికిన పంచె తీసి పెట్టింది.

ఆదివారం ఆరాధనకు చర్చిలో గుడిగంట కొట్టారు. తలుపు తెరుచుకోలేదు. సంఘపెద్ద రూబెన్ వచ్చి, పిలిచి పిలిచి, చివరికి భుజంతో గుద్ది గడియ ఊడగొట్టాడు. సంజీవయ్య నేల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. మూతి వంకర పోయింది. ఒక చెయ్యి తలుపు వైపు చాచి ఉంది.

కారులో నంద్యాలకు తీసుకుపోయారు. పక్షవాతమన్నాడు డాక్టరు. రూబెన్ మందులకు పోయినప్పుడు, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేవాడమ్మా అని డాక్టరు సువార్తమ్మతో మాత్రమే అన్నాడు. నాలుక పడిపోయిన సంజీవయ్య ఆమె వైపే చూస్తూ చూస్తూ, ఆ వారం దాటకుండానే పోయాడు.

ఇక ఊళ్లో మాట ఎట్లా పాకిందో చూడండి. అయ్యగారు ప్రార్థనలో మూలుగుతూ ప్రభువు పిలుపు అందుకున్నాడని అందరూ చెప్పుకున్నారు. కోయిలకుంట్ల నుంచి కూడా జనం వచ్చి ఆ గది గడప తాకి పోయారు. ముసలి రామేశ్వరమ్మ తన గదికీ గడియ పెట్టించుకుంది, పోతే అయ్యగారి మాదిరే పోవాలని. అది విన్నప్పటి నుంచి సువార్తమ్మకు ముద్ద దిగలేదు.

జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు ఆమెను. ముందుగా రూబెన్‌ను పక్కకు పిలిచి డాక్టరు మాట చెప్పింది. అతను తల దించుకున్నాడు. "ఇప్పుడెందుకమ్మగారూ. జనం విశ్వాసం బలపడతాంది. ఉండనీండి."

ఆమె లేచి జనం ముందు నిలబడింది.

"ప్రార్థన చేసేటప్పుడు తలుపేసుకోమన్నాడు ప్రభువు. గడియ పెట్టుకోమనలే. మీరెవరూ పెట్టుకోవద్దండి. లోపల మనిషి మూలిగితే పిలవండి. హజీరా చెప్పింది, నేనినలే. అది ప్రార్థన అనుకున్యా. అది నొప్పి."

రామేశ్వరమ్మ చాప మీద నుంచి లేచి, కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"అయితే అమ్మగారూ, ఆ పొద్దు అయ్య మా కోసరం ప్రార్థన చేయలేదా?"

సువార్తమ్మ చాప దాకా నడిచి వచ్చి ఆమె ముందు నిలబడింది.

"దేవుణ్ణి పిలిచినాడో, నన్నే పిలిచినాడో, నాకు తెలీదు రామేశ్వరమ్మా."