జోడీ కార్డు

జిమ్ముకొచ్చిన వాళ్ళంతా బరువులెత్తి ఉత్తచేతులతో ఇళ్ళకు పోతారు. ఆమె ఒక్కతే బరువు మోసుకుంటూ పోతుంది. పొద్దున్న ఏడు కావడానికి పది నిమిషాలుందనగా చెమట తుడుచుకుని, సంచిలోంచి రెండు ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు తీసి ఫిల్టరు కుళాయి కింద పెడుతుంది. ఆ కుళాయి ధార అగ్గిపుల్లంత సన్నం. డబ్బాలు నిండేలోపు వెనక నలుగురు సీసాలు పట్టుకుని నిలబడతారు. వాళ్ళలో ఒకావిడ గోడ మీద అంటించిన కాగితాన్ని అందరికీ వినపడేలా చదువుతుంది, 'తాగడానికి మాత్రమే' అని. "తాగడానికేనండీ," అంటుంది ఆమె తలెత్తకుండా. అక్కడ ఆమెని డబ్బాలక్క అంటారు.

డబ్బాల ఆలోచన భర్తది. సభ్యత్వం కట్టింది కూడా అతనే. డాక్టరు అతని పొట్టని వేలితో పొడిచి చూసి హెచ్చరించిన సాయంత్రమే వెళ్ళి ఏడాదికి ఒకేసారి కట్టేసి వచ్చాడు. తొమ్మిది రోజులు వెళ్ళాడు. పదో రోజు నడుం పట్టేసింది. ఆ తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచించిందల్లా నడుం సంగతి కాదు, కట్టిన డబ్బు గిట్టేదెలా అని. అతనికి లోకంలో ఏదైనా గిట్టుబాటు కావాలి. హోటల్లో ఇచ్చిన చిన్న సబ్బు, పెళ్ళిభోజనంలో మూడో వడ్డన, భార్య. పద్నాలుగేళ్ళుగా ఆ మాట వినీ వినీ ఆమె మనసులో అతన్ని గిట్టుబాటు అనే పిలుచుకుంటుంది. పైకి మాత్రం ఏవండీ.

ఆ సభ్యత్వంతో పాటు ఆమెకీ ఒక కార్డు ఉచితంగా వచ్చింది. జోడీ కార్డు అంటారు దాన్ని. దానికో నిబంధన ఉంది. ముందు భర్త కార్డు గీకాలి, పచ్చదీపం వెలగాలి, ఆ తర్వాతే భార్య కార్డుకి తలుపు తెరుచుకుంటుంది. ఆయన లేకుండా ఆవిడకి ప్రవేశం లేదు. ఆ నిబంధన పెట్టినవాడెవడో గానీ ఆమె ఇల్లు చూసే పెట్టి ఉంటాడు.

అతని ఆఫీసులో కూడా ఒక పథకం ఉంది. ఉద్యోగి కార్డు ఏడాదిలో మూడొందల రోజులు గీకినట్టు జిమ్ము లెక్క చూపిస్తే, కట్టిన డబ్బంతా ఆఫీసు తిరిగిచ్చేస్తుంది. పైగా షీల్డు. గిట్టుబాటు మొహం వెలిగిపోయింది. "రేపట్నుంచి నువ్వెళ్ళు," అన్నాడు. అంతకు ముందు ఏడాది ఆమె యోగా క్లాసులో చేరతానంటే, "ఇంట్లో ఇంత పని ఉండగా నీకు వేరే ఎక్సర్‌సైజెందుకు?" అన్న నోరే అది. "ముందు నా కార్డు గీకు, తర్వాత నీది గీక్కో. ఊరికే వస్తున్నదాన్ని ఎందుకు వదలాలి? స్నానం అక్కడే చేసెయ్, ఇంట్లో వేణ్ణీళ్ళు మిగుల్తాయి. ఫోను అక్కడే చార్జింగు పెట్టుకో. వస్తూ వస్తూ రెండు డబ్బాల నీళ్ళు పట్టుకొచ్చెయ్." అత్తగారు పక్కగదిలోంచే అందుకుంది. "ఆ బిగుతు బట్టలతో వీధిలో నడవకు. పైన ఏదైనా కప్పుకో."

మొదటి నెల ఆమెకి అక్కడ అన్నీ అసహ్యమే. ఎటు చూసినా అద్దాలు, అన్నింట్లోనూ తనే. కార్డులు గీకి, ఒక మూల సైకిలెక్కి ఉత్తినే తొక్కుతూ ఇంట్లో చెయ్యాల్సిన పనులు వరస పెట్టుకునేది. ఇరవయ్యో రోజో ఏమో, కోచ్ అమ్మాయి ఆమె డబ్బాలు మోసుకెళ్ళడం చూసి ఆపింది. "అక్కా, భుజాలు వెనక్కి లాగి, వీపు నిటారుగా పెట్టి నడువు. ఇదే నడక కోసం లోపల వాళ్ళు డబ్బులు కడుతున్నారు తెలుసా?" ఆమెకి నవ్వొచ్చింది. ఆ అమ్మాయి మర్నాడు ఆమెని సైకిలు మీంచి దింపి ఇనప కడ్డీ ముందు నిలబెట్టింది. నేల మీది కడ్డీని నడుం వంగకుండా లేపి నిలబడాలి, మళ్ళీ చప్పుడు కాకుండా దించాలి. అంతే పని. కానీ ఆ కాసేపూ తలలోకి పాలవాడు రాలేదు, అత్తగారి మాత్రలు రాలేదు, ఇస్త్రీ బట్టలు రాలేదు. కడ్డీ, తనూ, ఊపిరీ. తన ఒంటిని ఎవరికోసమూ కాకుండా వాడి ఎన్నేళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు. ఇరవై కిలోలు ముప్ఫై అయ్యాయి, ముప్ఫై నలభై అయ్యాయి. ఆరింటినుంచి ఏడింటిదాకా ఉన్న ఆ గంట ఆమెకి ఎంత ప్రాణమైపోయిందంటే, సెలవు రోజున జిమ్ము మూసి ఉంటే ఆమెకి ఏడుపొచ్చేది.

ఆమెకి బలం వచ్చిందని తెలిసి సంతోషించినవాళ్ళు లేరు గానీ, వాడుకోనివాళ్ళూ లేరు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. ఒకరోజు డాక్టరు, "నువ్వు జిమ్ముకెళ్తావటగా?" అంటూ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను చూపించాడు. ఆ రోజునుంచి దాన్ని ఎత్తి స్టాండు మీద బోర్లించడం ఆమె పనే. అటెండరు దర్జాగా గోడకానుకుని చూసేవాడు. ఇంట్లో అత్తగారు బీరువా వెనక ఏనాటి దుమ్ము ఉందో గుర్తు తెచ్చుకుంది. "కాస్త జరుపు, ఎలాగూ అలవాటేగా." గ్యాసు సిలిండరు గుమ్మంలోకి వస్తే గిట్టుబాటు టీవీ ముందునుంచి కదిలేవాడు కాదు. "నా నడుం సంగతి తెలుసుగా." అదే మనిషి, పైన కప్పుకున్నది తీసినప్పుడు ఆమె భుజం చూసి ఒకసారి మొహం చిట్లించాడు. "మరీ మగాడిలా తయారవుతున్నావు. కాస్త తగ్గించు."

తగ్గించమన్నాడు గానీ, రోజూ రాత్రి భోజనం దగ్గర అతను ఆమె గురించి అడిగే ఒకే ఒక్క ప్రశ్న ఇది. "ఇవాళ ఎంత ఎత్తావు?" మొదట్లో ఆమె మురిసిపోయి చెప్పేది. నలభై ఐదండీ. యాభై అండీ. ఆఫీసు అర్ధ సంవత్సరం సభకి కుటుంబాలని పిలిచినప్పుడు తెలిసింది ఆ అంకెలు ఎక్కడికి పోతున్నాయో. వేదిక మీద అతను చొక్కా గుండీలు పొట్ట దగ్గర బిగుసుకుపోయి నిలబడి, "ప్రస్తుతం యాభై ఐదు కిలోలు లేపుతున్నానండీ. అంతా క్రమశిక్షణే. తెల్లారి ఐదింటికి లేస్తే ఏదైనా సాధ్యం," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఒళ్ళు భగ్గున మండింది. చేతులు మాత్రం చప్పట్లు కొట్టాయి. అతని పై అధికారి భార్య ఆమెవైపు వంగి, "మీరూ ఏమైనా చెయ్యకూడదూ? ఆయన్ని చూసైనా," అంది. అరచేతుల్లో కడ్డీ పట్టి కాయలు కాసిన చోట గోళ్ళతో నొక్కుకుంటూ ఆమె, "నాకెక్కడ తీరుతుందండీ," అంది. ఆ మాట అన్నందుకు ఆమె ఈనాటికీ తనని తాను క్షమించుకోలేదు.

సభ్యత్వం ఇంకా రెండు రోజులుందనగా లెక్క రెండొందల తొంభై ఎనిమిది దగ్గరుంది. "నీకు జ్వరమని ఆ నాలుగు రోజులు మానకపోతే ఎప్పుడో అయిపోయేది," అని అతను సణిగాడు. ఆఖరి రోజుకి ముందు రోజు రెండొందల తొంభై తొమ్మిది. ఆ సాయంత్రం ఆమె బట్టలు మడతపెడుతోంది. తల్లీకొడుకులు సోఫాలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు, ఆమె ఆ గదిలో లేనట్టే.

"రేపటితో మూడొందలు, అమ్మా. మళ్ళీ కట్టను. ఆఫీసువాళ్ళు రెండో ఏడు ఇవ్వరట."

"మంచిదే. పొద్దున్న ఆ గంట నాకు కాళ్ళు పడుతుంది. మోకాళ్ళు లాగేస్తున్నాయి."

"అరగంట పట్టించుకో. మిగతా అరగంటలో నాకు టిఫిను త్వరగా అయితే ఎనిమిదింటి బస్సు అందుతుంది."

తన గంటని ఇద్దరూ కలిసి చెరి సగం చేసుకున్నారు. ఆమె చేతిలో అతని చొక్కా ఉంది. దాని కాలరు సరిచేసి, గుండీలు పెట్టి, చక్కగా మడిచి దొంతర మీద పెట్టింది. "ఏవండీ, నేను మాననండీ," అంది. అతను నవ్వాడు. "నీ కార్డు నా కార్డుతోటే కదా తెరుచుకునేది? నాది ఆగితే నీది ప్లాస్టిక్ ముక్క." అందులో తప్పేమీ లేదు. అతను నిజమే చెప్పాడు.

మర్నాడు ఆరింటికి ఆమె జిమ్ము కౌంటరు దగ్గర నిలబడింది. ఆ నెల జీతం ఇంకా ఇంట్లో ఇవ్వలేదు. "జోడీ కాదమ్మా, ఒక్కరికే," అంది కోచ్ అమ్మాయితో. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, డబ్బు తీసుకుని కొత్త కార్డు చేసి ఇచ్చింది. ఆమె దాన్ని గీకింది. ముందు ఎవరిదీ గీకకుండానే పచ్చదీపం వెలిగింది.

ఆరూ నలభైకి ఫోను మోగింది.

"జిమ్మునుంచి నాకు మెసేజీ రాలేదేంటి? కార్డు గీకావా లేదా?"

"గీకాను. నాది."

"నాదాని సంగతి అడుగుతున్నా."

"మీది ఫ్రిజ్ మీద ఉంది."

అతని గొంతు పెరిగింది. "ఇవాళ ఆఖరి రోజని తెలుసా? ఒక్క రోజు తగ్గితే ఏడాదంతా బూడిదే. తెలిసే చేశావా? అమ్మకి కాఫీ కూడా ఇవ్వలేదు నువ్వు. వెంటనే వచ్చి కార్డు తీసుకెళ్ళు."

ఆమె ముందు కడ్డీకి అరవై కిలోలు వేసి ఉన్నాయి. కోచ్ అమ్మాయి దూరంగా నిలబడి ఎదురుచూస్తోంది.

"రాత్రి పదింటిదాకా తెరిచే ఉంటుందండీ," అంది ఆమె, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే. "నడిచొస్తే ఇరవై నిమిషాలు. మీరే వచ్చి గీక్కోండి. ఎలాగూ వస్తారు గనక ఆ డబ్బాలు కూడా తెచ్చుకోండి, ఇంట్లో తాగేందుకు నీళ్ళు లేవు."