హన్నా కవితకు మేళం

కవితను బ్యాండు మేళంతో కలిపి చదవాలన్న ఆలోచన హన్నాది కాదు. అది బందరు సాహితీ సంఘం కార్యదర్శి గోవర్ధనరావుది. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఆయన, 1966 వేసవిలో మద్రాసులోని ఒక మిత్రుడి ఇంట్లో అమెరికా గ్రామఫోను రికార్డు విని వచ్చాడు. అందులో ఒక మనిషి కవిత చదువుతూ ఉంటే పక్కన వాద్యకారులు, ముందుగా అనుకున్న పాట ఏదీ లేకుండా, ఒకరినొకరు వింటూ ఎవరికి తోచింది వారు వాయించారట. దాన్ని జాజ్ అంటారని, అందులోనూ ఇది కట్టుబాట్లన్నీ వదిలేసిన కొత్త పద్ధతి అని ఆయన చెప్పాడు.

"మనకి సాక్సఫోను లేకపోతేనేం హన్నాగారూ, మీ నాన్నగారి క్లారినెట్టు ఉందిగా" అన్నాడు.

బాలికల పాఠశాలలో తెలుగు చెప్పే హన్నా వెంటనే ఒప్పుకుంది. ఆమె ఒప్పుకోవడానికి కారణం జాజ్ కాదు.

ఆమె తండ్రి మత్తయి గుడివాడలో బ్యాండు మాస్టరు. ఊరేగింపుల్లో సినిమా పాటలు, క్రైస్తవుల సమాధి కార్యక్రమాల్లో కీర్తనలు వాయించేవాడు. సన్నాయివారు దొరకని ముహూర్తాలకు పెళ్ళిపందిట్లో కూర్చుని మేళం చేసేదీ అతని జట్టే. హన్నా చిన్నతనంలో, తల్లి మాణిక్యం దివిసీమలోని పుట్టింట, నాగాయలంకలో, జ్వరంతో ఒక రాత్రి చనిపోయింది. మర్నాటి ఉదయం మత్తయి పెదపారుపూడిలో ఒక రైతు ఇంటి పెళ్ళిలో ఉన్నాడు. కబురు మోసుకువెళ్ళిన మేనమామ జకరయ్య మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చి, శవం చుట్టూ ఉన్నవారందరూ వినేటట్లు, "చెవిలో చెప్పాను. ఆ మనిషి క్లారినెట్టు దించలేదు" అన్నాడు. మత్తయి వచ్చేసరికి పొద్దు కుంకింది. ఆ రోజు గురించి తండ్రి ఎన్నడూ చెప్పలేదు. కూతురు ఎన్నడూ అడగలేదు. వారి మధ్య మాటలు బియ్యానికీ, బస్సులకీ, ఆరోగ్యానికీ పరిమితమయ్యాయి.

ఆమె కవితలో చివరి భాగం ఆ రోజు గురించే. తండ్రి దాన్ని వినాలి. మధ్యలో లేచి వెళ్ళిపోవడానికి వీల్లేని చోట వినాలి.

ఆషాఢం కావడంతో మేళానికి పని లేదు. ఆదివారం ఆరాధన ముగిశాక గుడివాడలో జట్టు వాద్యాలుండే బ్యాండు షెడ్డులో సాధన మొదలైంది.

"ఏ పాటమ్మా?" అని అడిగాడు మత్తయి.

"పాటేం లేదు నాన్నా. నేను చదువుతుంటే విని, నీకేం అనిపిస్తే అది వాయించు."

డోలు వాయించే ధనరాజు మత్తయిని మావయ్యా అని పిలిచే చనువున్నవాడు. అతడు నవ్వాడు. "ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తే మా పేటలో దాన్ని పోట్లాట అంటారు టీచరమ్మా."

"పోట్లాటలో ఎవరూ ఎవర్నీ వినరు ధనరాజూ. ఇందులో వినాలి."

"మా ఆవిడ ముందు ఈ ముక్క అనమాకండి. జాజ్ నేర్చుకొమ్మంటది."

ఆమె మొదటి భాగమే చదివింది. చివరి భాగం కాగితం చేతిసంచీలోనే ఉంచుకుంది. మొదట్లో మత్తయి ప్రతి వాక్యానికీ తెలిసిన ఏదో ఒక కీర్తన వెతుక్కున్నాడు. ఒకటి రెండుసార్లు దారి తప్పాడు. తప్పినచోట బాగుందని కూతురు అనేసరికి క్లారినెట్టు దించి, ఆమెను వింతగా చూశాడు.

సభనాడు బందరులో హాలు నిండింది. జట్టును ఆమె పక్కనే, వేదిక మీద జంపఖానా పరిచి కూర్చోబెట్టారు. హన్నా మైకు ముందు నిలబడి మొదలుపెట్టింది.

*కాలవ మీద వాన పడుతుంది.*
*కాలవకు వానెందుకు?*
*అయినా పడుతుంది.*

ధనరాజు వేళ్ళ కొసలతో డోలును తాకాడు. క్లారినెట్టు ఆమె మాట వెనకే వచ్చింది. కొంతసేపటికి ముందు నడిచింది. ఒకచోట ఆమె ఆగితే తానొక్కటే కాస్త దూరం వెళ్ళి, తిరిగి వచ్చి ఆమె కోసం నిలబడింది. ముందు వరుసలో గోవర్ధనరావు కళ్ళు మూసుకున్నాడు. హన్నా రెండో కాగితం తీసింది.

*పందిరి కిందికి ఒక మాట వచ్చింది.*
*తడికాళ్ళతో వచ్చింది.*

బరువైన వాక్యం దగ్గర చూపుడువేలు పైకెత్తడం ఆమెకు తరగతి గదిలో పడిన అలవాటు. ఇప్పుడూ ఎత్తింది.

*మా అమ్మ చచ్చి—*

డోలు ఒక్కసారిగా విరుచుకుపడింది.

పెళ్ళిలో పురోహితుడు వేలెత్తితే గట్టిమేళం మోగాలి. తాళి కట్టే క్షణంలో తుమ్ముగానీ, ఏడుపుగానీ, చావుమాటగానీ వధూవరుల చెవిన పడకూడదు. ధనరాజు చేతులకు అదొక్కటే తెలుసు. లేచిన వేలు చూశాయి, చెడ్డమాట విన్నాయి, మోగాయి.

హాల్లో ఎవరో నవ్వారు. హన్నా కోపంతో తండ్రి వైపు తిరిగింది.

మత్తయి పెదవుల మధ్య క్లారినెట్టు ఉంది. వేళ్ళు కదులుతున్నాయి. కానీ బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. అతడు ఊదడం లేదు. ఎదుట కూర్చున్నవారికి అది తెలిసే వీలు లేదు. అంత దగ్గరగా నిలబడింది గనుక ఆమెకు తెలిసింది.

డోలు తడబడి ఆగింది. "వేలు లేచింది గదా అని..." అని ధనరాజు గొణిగాడు. గోవర్ధనరావు కుర్చీలోంచి సగం లేచాడు.

కాగితం మీద తరువాతి వాక్యం: *క్లారినెట్టు ఆగలేదు.* ఎన్నోసార్లు కొట్టివేసి, తిరిగి రాసి, చివరికి ఆ రెండు మాటలకు తెచ్చుకున్న వాక్యం. అది ఆమె నోట రాలేదు.

"ఆ రోజు కూడా ఇట్టాగేనా, నాన్నా?"

మైకు ఆ ప్రశ్నను హాలంతటికీ వినిపించింది. అది కూడా కవితే అనుకుని జనం సద్దు చేయడం మానారు. మత్తయి క్లారినెట్టు ఒళ్ళోకి దించాడు.

"మీ జకరయ్య మావయ్య చెప్పంగానే ఊపిరి రాలేదమ్మా. దించితే ఏమైందని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అక్కడ ఆ పిల్ల మెడలో తాళి పడతా ఉంది. ఎట్టా చెప్పను? డోలు మోగుతుందిగా, ఎవరికీ తెలవలేదు."

"నాకైనా చెప్పొచ్చుగా."

"నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడిగాను."

ఆమె కాగితాలు మడిచింది. ఈసారి చేతులు రెండూ కిందనే ఉంచి, మా అమ్మ చచ్చిపోయింది, అని పూర్తిగా చెప్పింది. ధనరాజు అరచేతులు డోలు మీద ఆనించి కదలకుండా కూర్చున్నాడు. క్లారినెట్టు గరగరమని గాలితో మొదలై, స్వరం పట్టుకోలేక జారి, ఏ కీర్తనకూ చెందని చోట నిలిచింది. గోవర్ధనరావు మెల్లగా కూర్చున్నాడు.

హన్నాకు రాసుకున్న వాక్యాలు లేవు. అడగవలసింది మాత్రం ఇంకా ఉంది.

*మధ్యాహ్నమంతా అమ్మ పక్కన కూర్చున్నాను.*
*పొద్దు కుంకాక వచ్చావు.*
*పెళ్ళి ఎప్పుడయిపోయింది, నాన్నా?*

మత్తయి క్లారినెట్టు పెదవుల మధ్యే ఉంచుకుని ఆమె వైపు తలెత్తాడు. ముందు వరుసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోతే హన్నా వద్దని తల ఊపి, తండ్రి ఊపిరి తీసుకునేదాకా మైకు ముందే నిలబడింది.