దస్తీ వేసిన సీటు

మా ఆయన మధు పోయిన తర్వాత నేను ప్రేమ నవలలు తప్ప ఇంకేమీ చదవలేకపోయాను. పదో తరగతికి తెలుగు చెప్పే మనిషి అవి చదువుతున్నదంటే నవ్వేవాళ్లుంటారు. కానీ వాటిలో ఎవరూ చనిపోరు. అలకలుంటాయి, అపార్థాలుంటాయి, చివర పెళ్లి ఉంటుంది. పెళ్లి తర్వాత సంగతి ఎవరూ రాయరు. అక్కడ ఆగిపోవడమే నాకు కావలసింది.

ఫోనులో రోజుకొక భాగం వచ్చే ఈ సీరియళ్లను నాకు చూపించింది సంగీత. మా బడిలో లెక్కలు చెబుతుంది. మహబూబాబాద్ దగ్గర తండా వాళ్లది. కిందటేడు ఉద్యోగం వచ్చింది. జనగామలో మా ఇంటి మేడమీది గదిలో అద్దెకుంటుంది. పొద్దున ఇద్దరం కలిసే తరిగొప్పుల బస్సు ఎక్కుతాం. దారి పొడుగునా నవలల మాటలే.

"అక్కా, గా కలెక్టరు హీరో కథ అయిపోయిందా?"

"అయింది."

"ఎట్లుంది?"

"అన్ని భాగాలల్ల ఆయన ఒక్కనాడన్న ఆఫీసుకు పోలేదు."

సంగీత పకపకా నవ్వేది. ముందు సీట్లో ఒళ్లో కూరగాయల గంపతో కూర్చున్న పోచమ్మ వెనక్కి తిరిగేది. "పొద్దుగాల్నే ఏం నవ్వుతరే తల్లీ! జర మాకు గూడ చెప్పుండ్రి."

"కలెక్టరు పనికి పోతలేడంట పోచమ్మక్కా."

"మా ఇంట్ల గూడ ఒకడున్నడు, కలెక్టరే."

నవలల విషయంలో సంగీతకూ నాకూ కుదరదు. హీరో వర్షంలో తడుస్తూ ఆమె ఇంటి ముందు నిలబడితే సంగీతకు కళ్లు చెమ్మగిల్లుతాయి. నాకు మాత్రం, ఇంట్లో ఉన్న ఆ అమ్మాయి బయటికి వచ్చి పాలప్యాకెట్ ఎలా తెచ్చుకుంటుందా అనిపిస్తుంది. కాదన్నా వినని మనిషిని ఆ రచయితలు ప్రేమికుడంటారు. బడిలో అలాంటి పిల్లవాడుంటే మేము తల్లిదండ్రులను పిలిపిస్తాం. ఈ మాట అంటే సంగీత, "నువ్వు కథలకు గూడ హాజరు తీస్కుంటవక్కా" అనేది. ఆమె అలా అన్నప్పుడు కాసేపు నాకు బాగుండేది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి సీటు దొరకడం కష్టమైంది. బస్సు స్టాండులోకి వస్తూ ఉండగానే కిటికీల్లోంచి జేబు దస్తీలు, తువ్వాళ్లు, సంచులు లోపలికి పడతాయి. దస్తీ ఉన్న సీటు జోలికి ఎవరూ పోరు. కొన్నాళ్లుగా ఎడమవైపు మూడో సీటు మాకే దొరుకుతోంది. దాని మీద నీలం గళ్ల దస్తీ పరిచి ఉండేది. "పంతులమ్మలకే పెట్టిండ్రు, కూసోండ్రి" అని ఎవరో ఒకరు అనేవారు. పోచమ్మ పెడుతోందని మేమనుకున్నాం. కండక్టరమ్మ పెడుతోందని పోచమ్మ అనుకుంది. మేము దస్తీ తీసి కిటికీ చువ్వకు కట్టి కూర్చునేవాళ్లం. దిగిన తర్వాత దాన్ని ఎవరు తీసుకుంటున్నారో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ గురువారం బడిలో అన్నం తింటున్నప్పుడు సంగీత నాకు ఒక కొత్త సీరియల్ పంపింది. "బస్సు కథక్కా, మనలాంటోళ్లదే. నేను మొదటి భాగమే చదివిన. నువ్వు చదివి ఎట్లుందో చెప్పు."

సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా చదివాను. రచయిత అసలు పేరు లేదు. హీరో రోజూ ఒక బస్సులో వెనక సీట్లో కూర్చుంటాడు. ముందు సీట్లలో వెన్నెల అనే టీచరమ్మ. ఆమె జడ, ఆమె నవ్వు, ఆమె చున్నీ. ఇటువంటివి నేను చాలా చదివాను. భాష శుభ్రంగానే ఉంది. ఉపమానాలు ఎక్కువ, అంతే.

నాలుగో భాగంలో వెన్నెల చెప్పు పట్టీ తెగింది. బస్సులోనే కూరగాయల ముసలమ్మ గాజులకున్న పిన్నీసు తీసి ఇస్తే దానితో పట్టీ బిగించుకుంది.

ఇది జరిగింది. కిందటి వారం, నా పక్కనే, సంగీత చెప్పుకు.

అన్నం మాడిన వాసన వచ్చేదాకా నేను కదలలేదు. పొయ్యి ఆపి మిగతావి చదివాను. వెన్నెల టిఫిన్ డబ్బాలోంచి పులుసు కారడం ఉంది. బస్సు దిగేటప్పుడు ఆమె కుడిచేత్తో చున్నీ పట్టుకోవడం ఉంది. ఆరో భాగంలో ఇలా ఉంది: "నా దస్తీ పరిచిన చోటే ఆమె కూర్చుంటుంది. ఇన్నాళ్లలో ఒక్కనాడూ కాదనలేదు. ఇంతకన్నా స్పష్టమైన జవాబు ఏ అమ్మాయి ఇస్తుంది?"

దాని కింద పాఠకుల అభిప్రాయాలు. గుండె బొమ్మలు. ఎంత అదృష్టవంతురాలో అని ఒకరు. వదలొద్దు బ్రో అని ఇంకొకరు.

అన్నిటికన్నా కొత్త భాగం ఆ మధ్యాహ్నమే వచ్చింది. "వెన్నెలకు తోడుగా ఉండే పెద్ద టీచరమ్మ శనివారం భూపాలపల్లికి పోతుంది. ఆ రోజు ఇంట్లో వెన్నెల ఒక్కతే. నా ఎదురుచూపు అక్కడ ముగుస్తుంది."

మధు భూపాలపల్లి గనిలో పనిచేసేవాడు. అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని, సెలవు రోజున ఇంటికి వచ్చేవాడు. ఆ గది ఖాళీ చెయ్యమని ఇంటాయన చాలాసార్లు ఫోను చేశాడు. కొక్కేనికి సార్ చొక్కా అట్లనే ఉన్నది మేడం, అన్నాడు. శనివారం వెళ్దామని ఎన్నాళ్లకో మనసు కూడగట్టుకున్నాను. ఆ మాట ఒకే ఒక్కసారి, మెల్లగా, సంగీతకు చెప్పాను. బస్సులో, ఆ సీట్లో కూర్చుని.

మేడెక్కి ఫోను సంగీత చేతిలో పెట్టాను. మొదట నవ్వుతూ చదివింది. పిన్నీసు దగ్గర ఆగింది. గుమ్మం బయట విడిచిన చెప్పుల వైపు చూసింది. తర్వాత లేచి కిటికీ మూసింది.

"అక్కా, నాయినకు చెప్పకు."

"ముందు ఆయనకే చెప్పాలె గద."

"నీకు తెల్వదు. ఊరుగాని ఊర్ల ఆడివిల్లకు నౌకరేందని పెదనాయినలందరు అన్నరు. నాయిన ఒక్కడే సరే అన్నడు. జర అటిటైతే వచ్చి తీస్కపోత అని గప్పుడే చెప్పిండు. డోర్నకల్‌ల సంబంధం తయారుగ ఉన్నది. గీ ముచ్చట తెలిస్తే నా నౌకరి ఉండదక్కా."

"మరి ఏం జేద్దాం?"

"రేపటికెల్లి వేరే బస్సుకు పోదాం."

"ఇల్లు కూడా ఎర్కనే ఉన్నది వానికి."

సంగీత మంచం మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. "ఎవడక్కా? రోజు మనం నమస్తే పెట్టేటోళ్లల్లనే ఎవడో ఒకడు."

నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఆ బస్సులో వెనక కూర్చునేవాళ్లందరూ నాకు తెలుసు. అందరూ మర్యాదస్తులే. ఒక్కొక్క ముఖమే గుర్తు చేసుకుంటూ ఉంటే, ఒక్కొక్కటే నాకు భయం పుట్టించే ముఖమైంది.

శుక్రవారం పొద్దున వేరే బస్సు కోసం ఆగలేదు. వాడెవడో తెలియకుండా ఏ బస్సెక్కినా ఒకటేనని సంగీతే అంది. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఎక్కాం.

మూడో సీటు మీద నీలం గళ్ల దస్తీ ఉంది.

సంగీత అలవాటు కొద్దీ అటు అడుగు వేసింది. నేను ఆపాను. వెనక నుంచి జనం తోస్తున్నారు.

"ఏంది నిలవడ్డరు? కూసోండ్రి, మీకే పెట్టిండ్రు" అంది పోచమ్మ.

"ఎవరు పెట్టిండ్రు పోచమ్మక్కా?"

"నాకేమెర్క? కండక్టరమ్మ గాదా?"

"నేనెందుకు పెడుత? నాకే నిలవడ జాగ లేదు" అంది కండక్టరమ్మ ఆడవాళ్లకు జీరో టికెట్లు కొడుతూ.

దస్తీ తీసి పైకెత్తాను. "ఇది ఎవరిది?" అని అడిగాను. బస్సు కదిలింది. సీటు ఖాళీగానే ఉంది. దస్తీ ఉన్న చేత్తోనే కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోను తెరిచాను. తరగతిలో చివరి బెంచీకి వినిపించేలా చదివే గొంతు నాకు ఉంది. ఆ గొంతుతోనే చదివాను. జడ, చున్నీ, తెగిన చెప్పు.

"ఆగాగు" అంది పోచమ్మ. "గా పిన్నీసు నేనిచ్చినదే గద! నన్ను గూడ రాసిండా వాడు? ఏమని రాసిండు?"

"కూరగాయల ముసలమ్మ అని."

"ముసలమ్మనా! వాని నోట్ల మన్నువడ!"

ఒకరిద్దరు నవ్వారు. నేను ఆగకుండా దస్తీ భాగం చదివాను. తర్వాత శనివారం భాగం చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నర్మెట్టలో కొంతమంది దిగారు. బస్సు మళ్లీ కదిలాక వెనక నుంచి ఒక మనిషి లేచి, సీట్లు పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

శ్రీపాల్. తరిగొప్పులలో జిరాక్స్ దుకాణం అతనిది, రోజూ జనగామ నుంచి మా బస్సులోనే వస్తాడు. మెత్తని మనిషి. మధు మరణ ధ్రువపత్రం నకళ్లు తీసినప్పుడు, కాగితాలు నా చేతికిచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు అతని మౌనం నాకు ఊరటనిచ్చింది.

"మంచిగ చదివిండ్రు మేడం" అన్నాడు. "కథ ఎట్లుంది?"

అతని ముఖంలో సిగ్గు లేదు. దొరికిపోయినవాడి బెదురు కూడా లేదు. నిజంగా నా అభిప్రాయం కోసమే వచ్చాడు. అప్పటిదాకా నాకున్న భయం ఒక ఎత్తు, ఆ ముఖం చూశాక కలిగింది ఒక ఎత్తు.

అయినా చెప్పాను. "ఇందులో అమ్మాయి లేదు, శ్రీపాల్."

"ఉన్నది గద మేడం. ప్రతి భాగంల ఉన్నది."

"ఆమె చెప్పులున్నయి, జడ ఉన్నది. ఆమె మనసుల ఏమున్నదో ఒక్క ముక్క లేదు. నువ్వు అడగలేదు."

"అడుగుడెందుకు మేడం? కూసుంటుంది గద."

"ఎవరి దస్తీనో తెల్వక కూసున్నది."

అతను ఓపికగా నవ్వాడు. తప్పు చదివిన విద్యార్థిని చూసి నేను నవ్వినట్టు. "వేలమంది చదువుతున్నరు. అందరు మంచిగున్నదంటున్నరు. మీరు పరేషాన్‌ల ఉన్నరు మేడం, సార్ పోయిన కాన్నుంచి. అందుకే మీకు ప్రేమ కథలు గిట్ల అనిపిస్తున్నయి."

మధు ఊసు అతని నోట రావడం నేను భరించలేకపోయాను. నా మోచేతి మీద సంగీత పట్టు సడలింది. ఆమె నా పక్క నుంచి ముందుకు జరిగింది.

"అన్నా" అంది. "నేను అందరి ముందట చెప్తున్న. నాకు వద్దు. నీ దస్తీ వద్దు, నీ కథ వద్దు. మా గల్లీల నువ్వు కనవడొద్దు."

శ్రీపాల్ ఆమె వైపు మొదటిసారి నేరుగా చూశాడు. అతనికి కోపం రాలేదు. తాను రాయని మాట పాత్ర మాట్లాడితే కలిగే విసుగు లాంటిది కనిపించింది.

"వెన్నెల గట్ల మాట్లాడదు" అన్నాడు.

బస్సంతా విన్నది. పోచమ్మ గంప కింద పెట్టి లేచి మా ఇద్దరికీ అతనికీ మధ్య నిలబడింది. కండక్టరమ్మ విజిల్ ఊదింది. డ్రైవర్ బండి పక్కకు తీశాడు. అటూ ఇటూ పత్తి చేలు తప్ప అక్కడ ఏమీ లేవు.

"దిగు."

"నా టికెట్ తరిగొప్పుల దాక ఉన్నది."

"దిగుమంటున్న" అంది కండక్టరమ్మ.

అతను నా చేతిలోంచి దస్తీ మెల్లగా తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దిగి రోడ్డు పక్కన నిలబడి, బస్సు కదిలేదాకా మూడో కిటికీ వైపే చూశాడు. బడి వచ్చేదాకా మేము కూర్చోలేదు. మమ్మల్ని కూర్చోమని ఎవరూ అనలేదు.

బడిలో మొదటి గంట అయ్యాక సంగీత వరండా చివరికి వెళ్లి వాళ్ల నాయిన భీమ్లాకు ఫోను చేసింది. నేను చెయ్యమనలేదు. ఆమె వాళ్ల భాషలో మాట్లాడింది. నాకు బస్సు, నౌకరి అన్న మాటలే తెలిశాయి. చాలాసేపు వింది. ఫోను పెట్టేశాక గోడకు ఆనుకుని నిలబడింది.

"వస్తున్నడా?"

"మధ్యాహ్నం బండికి."

"తీస్కపోతడా?"

"తెల్వదక్కా. తీస్కపోత అని అనలే. అందరి ముందట నువ్వే అన్నవా, నువ్వే అన్నవా అని రెండుసార్లు అడిగిండు. నేనే అన్న అని చెప్పిన. ఇగ ఏం మాట్లాడలే."

భూపాలపల్లి ఇంటాయనకు ఫోను చేసి, రేపు రాలేనని చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. ఆ చొక్కా కొక్కేనికి ఇంకొన్నాళ్లు ఉంటుంది.

ఫోను పెడుతుండగానే దాని మీద చిన్న గంట గుర్తు వెలిగింది. సీరియల్ కొత్త భాగం. రోడ్డు పక్కన నిలబడే రాసి ఉంటాడు. నాకు తెరిచే ధైర్యం లేకపోయింది. సంగీత నా చేతిలోంచి తీసుకుని తెరిచింది. "ఈ రోజు వెన్నెలకు కోపం వచ్చింది. ప్రేమ లేనిచోట కోపం ఉండదు." అంతే రాశాడు. దాని కింద అప్పటికే గుండె బొమ్మలు మొదలయ్యాయి.

సంగీత తన ఫోనుతో ప్రతి భాగాన్నీ ఫొటో తీసుకుంది. హెడ్మాస్టరుకు చెప్పి ఇద్దరం బయటికి వచ్చాం.

"ఠాణాకు పోదాం అక్కా. నాయిన వచ్చేసరికి దరఖాస్తు ఇచ్చి ఉండాలె. ఎవలో చెప్తే చేసిందని అనొద్దు."

బడి నుంచి ఠాణాకు పెద్ద దూరం లేదు. జిరాక్స్ దుకాణం షట్టరు మూసి ఉంది. దాని ముందు నుంచి పోతున్నప్పుడు ఇద్దరం నడక పెంచాం. కొంచెం దూరం పోయాక వెనక నుంచి మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది. నేను సంగీత చెయ్యి పట్టుకుని రోడ్డు దిగి చేలగట్టు మీదికి జరిగాను. బండి దగ్గరికి వచ్చింది. నేను తల తిప్పలేకపోయాను.

పాల క్యాన్లు కట్టుకున్న ముసలాయన మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు.

నేనింకా చేలగట్టు మీదే నిలబడి ఉన్నాను. సంగీత చెయ్యి విడిపించుకుని రోడ్డు ఎక్కి, నాకన్నా ముందుగా నడవడం మొదలుపెట్టింది.