పెద్ద కాలేజీ, మూడో గది

భోజనాల బల్ల తుడుస్తుంటే మా ఆయన నా చేతిని పక్కకు నెట్టారు. "చూసుకోవక్కర్లేదా? తడి అంటుకుంటుంది."

బల్ల మీద రెండు కాలేజీల వివరాల పుస్తకాలు పరిచి ఉన్నాయి. మా ఆడపడుచు చిన్నీ బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో చేరబోతోంది. దరఖాస్తు ఇవ్వడానికి రేపే ఆఖరు రోజు. నేను పాపను చంకన వేసుకుని, ఆ పుస్తకాల చుట్టూ మాత్రమే తుడిచాను.

"పెద్ద కాలేజీయే," అన్నారాయన. "ఆ పేరు చెబితే చాలు, ఉద్యోగం నడుచుకుంటూ వస్తుంది. రెండోది రేకుల షెడ్డు. అక్కడ చదివితే గోడలకు సున్నం వేసుకోవాలి."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు కదండీ," అన్నాను, పాప ముక్కు తుడుస్తూ.

"అబ్బో! డిగ్రీ మొదటి ఏడాదికే పుస్తకాలు మూసేసిన ఆవిడ కాలేజీలకు మార్కులు వేస్తోందమ్మా!"

అత్తయ్య నవ్వారు. చిన్నీ కూడా నవ్వింది గానీ, నా మొహం చూసి మధ్యలో ఆపేసింది.

పుస్తకాలు నేను మూయలేదు. పాప కడుపున పడగానే "పరీక్షలెక్కడికి పోతాయి, వచ్చే ఏడు రాయొచ్చు" అంటూ అత్తయ్యే వాటిని అటక ఎక్కించారు. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. పాలు, దగ్గు, రాత్రి జ్వరం, పొద్దున ఆయన డబ్బా, అత్తయ్య మాత్రలు. పాప కాసేపు ఏడవకపోయినా నాకు భయమే, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటాను.

ఈ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. రోజూ పదింటికి నేను వెళ్లేది బట్టల కొట్టులో గుండీలు కుట్టడానికి కాదు. ఈ రెండు కాలేజీల్లోనూ, పిల్లలు నన్ను చూసి బొమ్మ గీసుకోవడానికి కూర్చుంటాను. దగ్గు మందు అడిగిన ప్రతిసారీ "మొన్నేగా కొన్నాం" అనిపించుకోలేక ఒప్పుకున్న పని. చెక్క దిమ్మె మీద కుర్చీ వేసి, నా పాదాల చుట్టూ సుద్దతో గీత గీస్తారు. మధ్యలో లేచి వచ్చినా మళ్లీ ఆ గీతలోనే పాదం పెట్టాలి. ముక్కు దురద పెట్టినా, పాలకు రొమ్ములు సలిపినా కదలకూడదు.

రేకుల షెడ్డులో ఎండ మాడ్చేస్తుంది. కానీ అక్కడి మేడమ్ అరగంటకోసారి "కాలు తిమ్మిరెక్కిందేమో, లేచి నడవండమ్మా" అంటుంది. పిల్లల తప్పుల్ని వేరే కాగితం మీద గీసి చూపిస్తుంది.

పెద్ద కాలేజీ మూడో గదిలో ఏసీ ఉంది. అక్కడి సారు మగపిల్లల గీతల్ని నోటితో దిద్దుతాడు. ఆడపిల్లల గీతల్ని వెనక నిలబడి, చెయ్యి పట్టుకుని దిద్దుతాడు. రెండు నెలల కింద, చివర కూర్చునే కళ్లజోడు పిల్ల "వద్దు సార్" అంది. రెండోసారి కాస్త గట్టిగా అంది. నేను చూపు నిలపాల్సిన స్విచ్చి బోర్డు సరిగ్గా ఆ పిల్ల తలకు పైన గోడ మీద ఉంది. ఆయన చెయ్యి ఎక్కడికి వెళ్లిందో చూశాను. ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ గదిలో పెళ్లయి, పిల్ల ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. నేను స్విచ్చి బోర్డునే చూస్తూ కూర్చున్నాను. మర్నాటినుంచి ఆమె రాలేదు. వారం తర్వాత ఆమె బొమ్మ గీసే స్టాండు మడిచి మూలన పెట్టేశారు. "ఓర్పు లేనివాళ్లకు కళ అబ్బదు," అన్నాడు సారు. నేను ఇంకా ఆ గదికి వెళ్తూనే ఉన్నాను.

చిన్నీకి చెప్పాలంటే నాకెలా తెలుసో కూడా చెప్పాలి. అత్తయ్యకు కోపం వస్తే ఒకటే మాట: "పోతే నువ్వు పో. పిల్ల మాది." "అమ్మ ఊరికే అంటుందిలే" అంటారు మా ఆయన. అంతే గానీ, అది తప్పని ఏనాడూ అనలేదు.

చిన్నీ కలం మూత తీసింది. "మూడో గది సారు దగ్గర పడితే అదృష్టమట అన్నయ్యా. ఎంత ఓపిగ్గా నేర్పిస్తాడో అంటున్నారు అందరూ."

"అక్కడ వద్దు చిన్నీ."

"మళ్లీ మొదలు," అన్నారాయన. "ఎవరు చెప్పారు నీకు? గుండీల కొట్టులోనా?"

"ఎవరూ చెప్పలేదు, నేనే చూశాను. గుండీలు కుట్టడం అబద్ధం. ఆ మూడో గదిలో పిల్లలు బొమ్మ గీయడానికి కూర్చుంటున్నాను. ఆ సారు ఒక పిల్ల ఒంటి మీద చెయ్యి వేశాడు. నా ఎదురుగానే. నేను నోరెత్తలేదు."

అత్తయ్య లేచి వచ్చి నా చంకలోంచి పాపను తీసుకున్నారు. పాప నా భుజం మీది బట్ట వదలకపోతే, దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి లోపలికి తీసుకుపోయారు.

"ఒంటి మీద బట్టలుంటాయా?" అన్నారు మా ఆయన.

నేను ఆయన వైపు చూశాను.

"నిన్నే అడుగుతున్నాను. కూర్చున్నప్పుడు బట్టలుంటాయా?"

చిన్నీ కలానికి మూత పెట్టింది. "ఆ అమ్మాయి ఏమైంది వదినా?" అంది, వినపడీ వినపడనట్టు.

లోపల పాప ఏడుపు అందుకుంది. ఆయన గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు, తన ప్రశ్నకు జవాబు రావాలన్నట్టు. నేను కుర్చీ లాక్కుని చిన్నీ ఎదురుగా కూర్చున్నాను. ఆ కళ్లజోడు పిల్ల గురించి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.