మంచం కింద బీరు

మొదట ఒకటి టప్పుమనింది. ఏందబ్బా అనుకునేలోపల రెండోది. ఆపైన ఊపిరి తిప్పుకోనీకుండా వరసగా ఇంకో అయిదు. సంజీవమ్మ రూములో ఏడు సీసాలు పేలిపోయినాయి.

జులై నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కువైట్లో, సాల్మియా పేటలో కుక్కలు గూడా కారు కింద నుంచి బయటికి రాని ఎండ. మామూలుగా ఆ పొద్దుకు ఆయమ్మ తన రూములో మంచం మీద నడుం వాల్చి ఉండాల్సింది. ఆ పూట ఇంటామె వసుమతి కొబ్బరి తురమమని పిలిచింది కాబట్టి వంటింట్లో ఉండాది. లేకుంటే ఈ కతలో ఆయమ్మ మాట్లాడేది ఏమీ ఉండేది కాదు, పెట్టెలో పడుకోని విమానమెక్కేది.

పరిగెత్తుకోని పోయి తలుపు తీసింది. నేలంతా నురగ. గోడలకు గాజుముక్కలు. దిండులో జానెడు పెంకు నిలువునా దిగబడి ఉండాది, సరిగ్గా తల పెట్టుకునే చోట. అన్నిటికంటే ముందర వాసన కొట్టింది. ఆ వాసన సంజీవమ్మకు తెలియందా? రాయచోటి పక్క పల్లెలో మొగుడు మునీంద్ర పదేండ్లు ఆ వాసనతోనే ఇంటికొచ్చినాడు, ఆ వాసనతోనే పాడెక్కినాడు. కువైట్లో, అదీ తన మంచం కింద, ఆ పులిసిన సారా ఊటవాసన ఏంది?

వెనకాల్నే వసుమతి ఉరుక్కుంటా వచ్చింది. దిండును చూసింది, నురగను చూసింది, సంజీవమ్మ మొగం చూసింది. చూసి ఏమడిగింది అనుకున్నారు? దెబ్బ తగిలిందా అని గాదు. బతికుండావా అని గాదు.

"బయట ఎవరైనా విన్నారా?" అనింది.

ఈ వసుమతి మొగుడు రామ్మోహన్. విజయవాడ మనిషి, ఇంజనీరు, ఇరవై రెండేండ్లుగా కువైట్లోనే ఉండాడు. ఒక్కడే కొడుకు వెంకీ, ఇంగ్లండులో ఫుడ్ సైన్సు చదువుతా సెలవులకు వచ్చినాడు. సంజీవమ్మ ఆ ఇంట్లో చేరి ఆరేండ్లు. అంతకుముందు పదకొండేండ్లు రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో చేసింది. ఆడ మామాతో, అంటే ఆ ఇంటి యజమానురాలితో, తిట్లు తినీ తినీ అరబ్బీ నేర్చుకునింది. ఆ మామా కన్నుమూసినాక రామ్మోహన్ ఆయమ్మ ఇఖామా, అదే ఈ దేశంలో ఉండే పర్మిట్టు, తన పేరు మీదికి మార్పించుకున్యాడు. అంటే ఇప్పుడు కఫీల్ ఈయనే. సంజీవమ్మ ఈ దేశంలో ఉండాలన్నా, ఇంకో ఇంటికి మారాలన్నా ఈయన సంతకమే దిక్కు. కడపలో కూతురు చిట్టి నర్సింగు రెండో సంవత్సరం చదువుతా ఉండాది. ఇంకో రెండేండ్లు ఈడ నిలబడితే ఆ పిల్ల గట్టెక్కుతుంది. సంజీవమ్మ ఓర్చుకునేదంతా ఆ రెండేండ్ల కోసమే.

"వెంకీ బాబూ!" అని ఆయమ్మ అరిస్తే వాడు తువ్వాల చుట్టుకోని వచ్చినాడు. మొగంలో నెత్తురు చుక్క లేదు.

"నా మంచం కింద పాత పుస్తకాల డబ్బాలు అంటివి గదా నాయనా. పుస్తకాలు ఇట్ల పేల్తాయా?"

వాడు తువ్వాల ఇంకా బిగించి కట్టుకున్యాడు. "బీరు ఆంటీ. ఇరవై నాలుగు సీసాలు. పులవడం ఇంకా పూర్తి కాలేదేమో, తొందరపడి మూతలు బిగించేశాను. నీ రూములో ఏసీ ఉంటది కదా, చల్లగా ఉంటదనుకున్నా."

"నేను లేనప్పుడు రూములో ఏసీ ఆపమనింది ఎవరో మీ అమ్మనడుగు."

అప్పుడు ఒక్కొక్కటే తెలిసొచ్చింది సంజీవమ్మకు. రెండు వారాల కిందట వాడు వంటింటి గట్టెక్కి కూర్చోని కాలేజీ ముచ్చట్లు చెప్పినాడు. కాలేజీ లోపల్నే బారు ఉందంట. చేరిన మొదటి వారమంతా తాగుడేనంట. సీనియర్లు కొత్తోళ్ళను వరసగా నిలబెట్టి, గ్లాసు దించకుండా తాగితేనే క్లబ్బులో చేర్చుకుంటారంట. అట్ల తాగి ఒకడు తెలివి తప్పితే అంబులెన్సు వచ్చిందంట. అది గూడా నవ్వుతానే చెప్పినాడు. ఇంకా వింత ఏందంటే, బీరు చేసేదానికి ఆడ ఒక కోర్సు ఉందంట, దానికి పరీక్షలంట, అందులో వీడిదే ఫస్టు మార్కంట. మా ఊర్లో సారా కాస్తే పోలీసోళ్ళు కుండలు పగలగొట్టి వీపు చిట్లగొట్టేవాళ్ళు, ఆ దేశంలో సర్టిఫికెట్టు ఇస్తారా నాయనా అని ఆ పొద్దు పగలబడి నవ్వింది పిచ్చిది.

నవ్విన మర్నాడే బ్రెడ్డు చేస్తా ఆంటీ అని వాడు జాబితా రాసిచ్చినాడు. బార్లీ, చక్కెర, ఈస్టు. ఎండలో రెండు దఫాలు మోసుకొచ్చి ఇచ్చింది. నా బాత్రూము తలుపు తీయొద్దు, పిండి పులుస్తా ఉంది అంటే సరే అనింది. పసిబిడ్డ మాదిరి అన్నీ నమ్మింది.

కాలింగ్ బెల్లు మోగింది. బిల్డింగు వాచ్‌మన్ ఖలీల్, ఈజిప్టు మనిషి. శబ్దం కింది అంతస్తు దాకా వినబడిందంట, తలుపు సందులోనుంచి వాసన మెట్ల మీదికి పోతా ఉందంట. లోపలికొచ్చి రూము చూసినాడు, ముక్కు మూసుకున్యాడు, ఏమీ అనకుండా బిల్డింగు యజమానికి ఫోను కొట్టినాడు. యజమాని అయిదింటికి వస్తాడని చెప్పి పోయినాడు.

మందు ఈ దేశంలో నిషేధమని పసిపిల్లోనికి గూడా తెలుసు. దొరికితే జైలు, ఆమీదట వేలిముద్రలు తీసుకోని ఊరికి తోలేస్తారు. ఒకసారి అట్ల తోలించుకున్నోళ్ళు మళ్ళా ఈడికి రాలేరు.

రామ్మోహన్ నాలుగింటికల్లా ఆఫీసునుంచి వచ్చేసినాడు. కొడుకు మీద ఒక్క అరుపన్నా అరుస్తాడేమో అని చూసింది సంజీవమ్మ. అరవలేదు. టై వదులు చేసుకోని సోఫాలో కూర్చోని, "సంజీవమ్మా, ఇలా వచ్చి కూర్చో" అన్యాడు. ఆరేండ్లలో ఆ సోఫాను తుడిచిందే గాని ఎవురూ కూర్చోమన్న పాపాన పోలేదు. ఆ పిలుపు వినంగానే ఇందులో ఏదో మోసం ఉందనుకునింది ఆయమ్మ. కూర్చోలేదు.

"మనమంతా ఒక మాట మీద ఉండాలి. ఆ సీసాలు నీవేనని చెప్పు. ఊర్లో అలవాటు, తెలియక చేశానను. ఓనరు పెద్దాయన, ఆడమనిషివని వదిలేస్తాడు."

"వదిలేయకపోతే?"

"మహా అయితే ఇంటికి పంపిస్తారు. వాడి మీద కేసు పడితే చదువు పోతుంది, వీసా పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. నీకేముంది పోయేది?"

నీకేముంది పోయేది! ఆ మాట చెవిలో పడంగానే అరికాలి మంట నెత్తికెక్కింది సంజీవమ్మకు.

"నా బిడ్డ చదువు పోతాది సార్. మీ కొడుకుది చదువు, నా కూతురుది గాదా?"

"చిట్టి ఫీజు మేం చూసుకుంటాంలే."

"జైల్లో నా బదులు ఎవరు కూర్చుంటారు సార్? అది గూడా మీరే చూసుకుంటారా?"

వసుమతి నడాన దూరింది. "అంత పెద్ద మాటలెందుకు సంజీవమ్మా! బార్లీ, ఈస్టు మోసుకొచ్చింది నువ్వేగా, ఖలీల్ కళ్ళారా చూశాడు. రూమూ నీదే. ఎవరడిగినా నమ్మేస్తారు. అందుకేగా ఈయన అవి నీ రూములో పెట్టించింది..."

అనేసి నాలిక కరుచుకునింది. రామ్మోహన్ ఆమె పక్క కొరకొరా చూసినాడు. వెంకీ తల ఎత్తలేదు.

సంజీవమ్మకు అంతా అర్థమైపోయింది. పిల్లోడు తెలియక చేసినాడు, వయసు అట్లాంటిది అని లోపల్లోపల సర్దుకుంటా ఉండాది ఆ పొద్దంతా. ఇది పిల్లోని తెలివితక్కువ గాదు. దొరికితే ఎవరి మెడకు చుట్టాల్నో మొదటి రోజే ఆలోచించి పెట్టినారు! తాను రెండు రాత్రులు ఆ సీసాల పైన పడుకోని, చిట్టికి ఫోనులో ముద్దులు పెట్టి నిద్రపోయింది. తలకాయ పగిలి సచ్చినా, పోలీసోళ్ళకు చూపించేదానికి వీళ్ళకు శవం దొరికేది. థూ, వీళ్ళ చదువులు తగలబడ!

"సార్ గూడా తాగినారా అది?" అని అడిగింది.

"రుచి చూశాను" అన్యాడు రామ్మోహన్, అదేదో పాయసమైనట్టు.

అయిదింటికి యజమాని వచ్చినాడు. డెబ్బై ఏండ్ల కువైటీ ముసలాయన, చేతికర్ర, వెనకాల ఖలీల్. కాఫీ తాగమంటే వద్దన్యాడు, కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా రూములోకి పోయి, పగలని పదిహేడు సీసాలనూ కర్రతో లెక్కబెట్టి హాల్లోకి వచ్చి నిలబడినాడు. రామ్మోహన్ ఇంగ్లీషు ఎత్తుకున్యాడు. ఆఫీసులో మీటింగు పెట్టినట్టు గడగడా మాట్లాడినాడు. ముసలాయన చెయ్యి అడ్డం ఊపి, నాకు ఇంగ్లీషు రాదు, అరబ్బీలో చెప్పు అన్యాడు.

ఇరవై రెండేండ్లు ఈ దేశం ఉప్పు తిన్న మనిషికి షుక్రన్, యల్లా తప్ప ఇంకో ముక్క రాదు. గ్యాసోడు వచ్చినా, ప్లంబరు వచ్చినా, వీధిలో బండికి దెబ్బ తగిలినా సంజీవమ్మా సంజీవమ్మా అని పిలవడమే. అలవాటు ఎంత పని చేస్తాదో చూడండి. ఆ పొద్దు గూడా అట్లనే ఆయమ్మ పక్క తిరిగి, "నువ్వే చెప్పు ఈయనకి. అవి నీవని చెప్పు" అన్యాడు. ఎవరి గొంతు కోస్తా ఉండాడో ఆ మనిషి చేతికే కత్తి ఇచ్చినాడు ఆ ఇంజనీరు.

సంజీవమ్మ కొంగు నడుముకు దోపుకునింది. రుమైథియాలో పదకొండేండ్లు తిన్న తిట్లన్నీ ఆ పొద్దు పనికొచ్చినాయి.

"బాబా, ఈ సారు ఈ సీసాలు నావని నీకు చెప్పమంటా ఉండాడు. నేను చెప్పను. ఇది చేసినోడు ఈ పిల్లోడు, కాలేజీలో నేర్చుకోని వచ్చినాడు. నా రూములో పెట్టించినోడు వాళ్ళ నాయన. నాకు పుస్తకాలని చెప్పినారు. నేను మందు ముట్టను, నా మొగుణ్ణి అదే మింగింది. దిండు చూసినావు గదా, నువ్వొచ్చిన ఈ పొద్దుకు నేను పీనుగునై ఉండాల్సింది."

ముసలాయన దిండు తెప్పించి చూసినాడు. వెంకీ పక్క చాలాసేపు చూసినాడు. ఆ చూపుకు వాడు ఏడ్చేసినాడు. ఇంక అరబ్బీ గాని ఇంగ్లీషు గాని అవసరం లేకుండాపోయింది. ముసలాయన కర్రతో నేల మీద ఒక్కటి కొట్టి నాలుగు మాటలు చెప్పి ఖలాస్ అన్యాడు. సంజీవమ్మతో, నీకు పోలీసు కావాలంటే నేను పిలుస్తాను అన్యాడు. ఇప్పుడే వద్దు బాబా, అవసరమైతే నేనే వస్తా అనింది. ఆయన పోయినాడు.

"ఏమన్నాడు? నువ్వు ఏం చెప్పావు?" రామ్మోహన్ అడ్డమొచ్చి అడిగినాడు.

"మీరు చెప్పమన్నది చెప్పినా సార్, మీరు చెప్పమన్నారని. ఆమీదట జరిగింది చెప్పినా. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలంట. ఇప్పుడే ఆ సీసాలన్నీ బాత్రూములో పారబోయాలంట, ఖలీల్ నిలబడి చూస్తాడంట. బిల్డింగు పేరు చెడిపోతాదని పోలీసులను పిలవలేదు."

"ఎంత పని చేశావే! తిన్న ఇంటికే..." అని వసుమతి నోరు తెరిచింది.

"నోరు ముయ్యమ్మా!" అనింది సంజీవమ్మ. ఆరేండ్లలో మొదటిసారి. ఆ కేకకు బాత్రూము తలుపు కాడ నిలబడిన ఖలీల్ గూడా ఉలిక్కిపడినాడు.

రామ్మోహన్ లేచి నిలబడినాడు. "నీ ఇఖామా నా చేతిలో ఉంది, మర్చిపోకు. పారిపోయిందని రేపు కంప్లయింటు ఇచ్చానంటే..."

"ఇయ్యి సార్, ఇప్పుడే పదాం. స్టేషన్లో నీకు అరబ్బీ జెప్పేదానికి మనిషి కావాల గదా, నేనే వస్తా. ఈ పొద్దు బాబాకు చెప్పిందే ఆడ గూడా చెప్తా, ఒక్క మాట తగ్గకుండా. ఖలీల్ వస్తాడు, బాబా వస్తాడు. లేదంటే ఇంకో ఇంటికి మారేదానికి రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టు. నేను ముబారక్ అల్ కబీర్ పక్క ఏదన్నా ఇంట్లో పని చూసుకుంటా. రెండే దోవలు, ఏది కావాల్నో నువ్వే చెప్పు."

బాత్రూములో వెంకీ ఒక్కొక్క మూతా తీసి పారబోస్తా ఉండాడు. ఫస్టు మార్కు వచ్చిన బీరు గడగడా గొట్టంలోకి పోతా ఉండాది. రామ్మోహన్ కొడుకు వీపు పక్క చూసినాడు, సంజీవమ్మ పక్క చూసినాడు. ఆమీదట అలమారా తెరిచి కాగితాలు తీసినాడు. ఆయమ్మ పక్కనే నిలబడి, ప్రతి కాగితం మీదా సంతకం అయిందాకా కదల్లేదు. పాస్‌పోర్టు గూడా అడిగి తీసుకోని రవికలో పెట్టుకునింది. బట్టలు సర్దుకునేదానికి పది నిమిషాలు గూడా పట్టలేదు.

పెట్టె పట్టుకోని గడప దాటతా ఉంటే వసుమతి కండ్లు తుడుచుకుంటా వచ్చింది. నిజంగానే ఏడుస్తా ఉండాది, అందులో నటనేమీ లేదు.

"ఆరేళ్ళు సంజీవమ్మా. పనిమనిషిలా చూశామా నిన్ను? ఇంట్లో మనిషిలాగే చూసుకున్నాం కదా?"

సంజీవమ్మ పెట్టె కింద పెట్టి ఎనక్కి తిరిగింది.

"నేను ఇంట్లో మనిషినైతే, ఆ సీసాలు నీ మంచం కింద ఎందుకు పెట్టుకోలేదమ్మా?"